ఆగింది ఏ గడప దగ్గర?

భూదాన్ పోచంపల్లి ఇక్కత్ చీరలను ఇంటర్నెట్ ద్వారా అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉన్నదనుకుందాం. చేనేత చీరకు ఒక ప్రత్యేకత ఉంది. అవే రంగుల మేళవింపుతో, అదే అంచుతో రెండవ చీర కావాలంటే మగ్గం మీద మళ్ళీ రోజుల తరబడి శ్రమ జరగాలి. అటువంటి ఒకే ఒక్క చీర దుకాణం సొంత వెబ్‌సైట్‌లోనూ, మరొక పెద్ద విక్రయ వేదిక మీదా ఏకకాలంలో కనిపిస్తూ ఉంటుంది. ఒకచోట అమ్ముడుపోయిన మరుక్షణం రెండవచోట దాని నిల్వ సున్నా కావాలి. ఆ కబురు మోసుకుపోయే సంబంధం ఏ అర్ధరాత్రివేళనో తెగిపోతే, తెల్లవారేసరికి ఒక చీరకు ఇద్దరు యజమానులు ఏర్పడతారు. ఇద్దరూ సొమ్ము చెల్లించినవారే. ఒకరికి చీర అందుతుంది. మరొకరికి క్షమాపణ అందుతుంది. పెద్ద సంస్థకు ఇది లెక్కల్లో ఒక పంక్తి. చిన్న వర్తకునికి మాత్రం ఏళ్ళ తరబడి సంపాదించుకున్న మాట పోవడమే.

ఈ కబురు మోసే ఏర్పాటుకు సాంకేతిక పరిభాషలో ఏపీఐ అని పేరు. ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ మరొక ప్రోగ్రామ్‌ను పని అడగడానికి ముందుగా ఏర్పరచుకున్న మర్యాద అది. 'ఈ సొమ్ము చేరిందా?' అని దుకాణం చెల్లింపుల సంస్థను అడుగుతుంది. 'ఈ పిన్‌కోడ్‌కు రవాణా ఖర్చెంత?' అని కొరియర్ సంస్థను అడుగుతుంది. ఈబే 2000 నవంబరులోనూ, అమెజాన్ 2002 జూలైలోనూ తమ ద్వారాలను ఈ విధంగా బయటి ప్రోగ్రాములకు తెరిచాయి. రాయ్ ఫీల్డింగ్ 2000లో తన డాక్టరేట్ పరిశోధనా గ్రంథంలో 'రెస్ట్' అని నామకరణం చేసిన పద్ధతి ఇటువంటి సంభాషణలకు రానురాను పునాది అయింది. నేడు ఊక్యామర్స్, షాపిఫై, మెజెంటో వంటి ఏ వేదిక మీద దుకాణం తెరిచినా, తెర వెనుక పగలూ రాత్రీ జరిగేది ఈ ప్రశ్నోత్తరాలే.

సంబంధం తెగినప్పుడు సామాన్యంగా జరిగేదేమిటి? దుకాణదారుడు బొత్తాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కుతాడు. రహస్య తాళపుచెవులను మారుస్తాడు. ప్లగిన్‌ను తొలగించి తిరిగి చేరుస్తాడు. ఈ మూడూ చేసిన తరువాత ఒకవేళ అది పనిచేసినా, దేనివల్ల పనిచేసిందో తెలియదు. కనుక వచ్చే నెల అదే జబ్బు తిరగబెడితే మళ్ళీ మొదటికే. నాడి చూడకుండా మందు వేయడమంటే ఇదే.

వాస్తవానికి తెరమీద కనిపించే దోష సందేశం శాపం కాదు, సాక్ష్యం. మన అభ్యర్థన ఎంతదూరం ప్రయాణించి ఎక్కడ ఆగిపోయిందో అది చెబుతుంది. ప్రతి అభ్యర్థనా వరుసగా ఆరు గడపలు దాటాలి. మొదటిది పేరు, రెండవది దారి, మూడవది ధ్రువపత్రం, నాలుగవది గుర్తింపు, ఐదవది అడిగిన తీరు, ఆరవది అవతలివారి శక్తి. మూడవ గడప దగ్గర ఆగినదానికి నాలుగవ గడప తాళపుచెవి మార్చి ప్రయోజనం లేదు. ఈ ఒక్క సూత్రాన్ని పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

మొదటి గడప పేరు. మనం వాడేది అక్షరాలతో కూడిన వెబ్ చిరునామా. యంత్రాలకు కావలసింది అంకెలతో కూడిన ఐపీ చిరునామా. ఒకదాన్ని రెండవదానిగా మార్చే డీఎన్ఎస్ వ్యవస్థను పాల్ మొకాపెట్రిస్ 1983లో రూపొందించాడు. 'హోస్ట్ దొరకలేదు' అన్న అర్థంలో సందేశం వచ్చిందంటే, మన అభ్యర్థన ఇంకా ఇల్లు కదలలేదని భావించాలి. ఈ గడప మహా సంస్థలను సైతం తడబరచింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఇంచుమించు ఆరు గంటలపాటు ప్రపంచానికి కనబడకుండా పోయాయి. నిర్వహణలో జరిగిన పొరపాటుతో ఆ సంస్థ లోపలి అనుసంధానాలు తెగిపోగా, దాని పేర్లను అంకెలుగా మార్చి చెప్పే సర్వర్లకు దారే లేకుండా పోయింది. 2025 అక్టోబరు 20న అమెజాన్ వర్జీనియా కేంద్రంలో డైనమోడీబీ అనే సేవ పేరుకు ఎదురుగా ఉండవలసిన చిరునామాల పట్టిక స్వయంచాలక యంత్రాంగంలోని లోపం వల్ల ఖాళీ అయిపోయింది. దానిమీద ఆధారపడిన ఎన్నో సేవలు స్తంభించాయి. అటువంటి రోజున తన తాళపుచెవులు మార్చుకుంటూ కూర్చున్న దుకాణదారుని శ్రమ అంతా వృథాయే.

రెండవ గడప దారి. ఇక్కడ రెండు సందేశాలు చూపుకు ఒకలాగే ఉండి భిన్నార్థాలు చెబుతాయి. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే మనం ఆ ఇంటిదాకా వెళ్ళాము, తలుపు తట్టాము, ఇక్కడ ఎవరూ లేరని వెంటనే జవాబు వచ్చింది. అవతలి సర్వర్‌లో ఆ ప్రోగ్రామ్ నడవడం లేదు, లేదా మనం తప్పు ద్వారం తట్టాము. సురక్షిత వెబ్ సంభాషణకు నియమిత ద్వారం సంఖ్య 443. 'టైమ్‌డ్ ఔట్' అంటే తట్టిన చప్పుడుకు జవాబే రాలేదు. దారి మధ్యలో ఫైర్‌వాల్ మన అభ్యర్థనను నిశ్శబ్దంగా మింగివేసి ఉండవచ్చు. కొన్ని చెల్లింపుల సంస్థలు, కొరియర్ సంస్థలు ముందుగా నమోదు చేసిన ఐపీ చిరునామాల నుంచి వచ్చే అభ్యర్థనలనే స్వీకరిస్తాయి. దుకాణాన్ని చవకైన హోస్టింగ్‌కు తరలించిన మరునాడే కొరియర్ సంబంధం తెగిందంటే, కారణం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. ఇల్లు మారాము, కొత్త చిరునామా అవతలివారికి చెప్పలేదు.

మూడవ గడప ధ్రువపత్రం. అవతలి సర్వర్ తానెవరో రుజువు చేసుకునేందుకు ఒక సర్టిఫికెట్ చూపుతుంది. దాన్ని జారీచేసిన అధికార సంస్థను మన యంత్రం నమ్మాలి. గడువు తీరి ఉండకూడదు. ఉభయులకూ తెలిసిన గుప్తలిపి ఉండాలి. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణాల మండలి పాత టీఎల్ఎస్ 1.0 పద్ధతిని విడిచిపెట్టడానికి 2018 జూన్ 30ని గడువుగా విధించింది. అప్పటికీ ఆ పాత లిపినే పట్టుకువేలాడిన దుకాణాలకు చెల్లింపుల ద్వారాలు మూసుకున్నాయి. 2021 సెప్టెంబరు 30న మరొక విచిత్రం జరిగింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచిత సర్టిఫికెట్లకు తొలిరోజుల్లో దన్నుగా నిలిచిన ఒక పాత మూల ధ్రువపత్రం ఆ రోజున గడువు తీరింది. సర్వర్ల సర్టిఫికెట్లు నిక్షేపంగా ఉన్నా, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0.2 వంటి పాత సాధనాలు వాడే యంత్రాలు వాటిని నిరాకరించాయి. దోషం చూపినవారిలో లేదు, చూసేవారి కళ్ళద్దాలలో ఉంది.

ఇక ముందు ఈ గడప దగ్గర మరింత జాగరూకత అవసరం. సర్టిఫికెట్ జీవితకాలం 2020 సెప్టెంబరు నుంచి గరిష్ఠంగా 398 రోజులుగా ఉండేది. దాన్ని 2026 మార్చి 15 నుంచి 200 రోజులకూ, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకూ, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకూ కుదించాలని జారీ సంస్థలూ, బ్రౌజర్ సంస్థలూ కలిసిన వేదిక 2025 ఏప్రిల్‌లో నిర్ణయించింది. అంటే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని ఏడాదికొకసారి చేత్తో మార్చుకునే రోజులు పోయాయి. నవీకరణ దానంతట అది జరిగే ఏర్పాటు ఉండితీరాలి.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక చేయక తప్పదు. ధ్రువపత్రం దగ్గర ఆగిన సంబంధానికి అతి సులభమైన చికిత్స ఒకటి ప్రచారంలో ఉంది. ధ్రువపత్రాన్ని తనిఖీ చేయవద్దని ప్రోగ్రామ్‌లో ఒక పంక్తి రాస్తే చాలు, దోషం మాయమవుతుంది, దుకాణం నడుస్తుంది. కాని తాళం తిరగడం లేదని తలుపే పీకివేయడం వంటిది ఆ వైద్యం. ఆ తరువాత అవతలివాడు చెల్లింపుల సంస్థ అయినా, మధ్యలో కూర్చున్న దొంగ అయినా మన ప్రోగ్రామ్‌కు తేడా తెలియదు. కొనుగోలుదారుల చిరునామాలూ, దుకాణపు రహస్య తాళపుచెవులూ ఎవరి చేతికి అందుతున్నాయో చెప్పేవారు ఉండరు. అన్నిటికంటె ప్రమాదకరమైన సంగతేమంటే, అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. పరీక్షకోసమని 'ఈ ఒక్కరోజుకు' రాసిన ఆ పంక్తిని ఏళ్ళ తరువాత కూడా ఎవరూ తీయరు.

నాలుగవ గడప గుర్తింపు. అవతలి యంత్రం ఇక్కడ మూడంకెల సంఖ్యలతో మాట్లాడడం ప్రారంభిస్తుంది. ఆ సంఖ్య 4తో మొదలైతే లోపం అడిగినవారి వైపునా, 5తో మొదలైతే జవాబు చెప్పవలసినవారి వైపునా వెతకాలి. 401 అంటే 'నీవెవరో నాకు తెలియలేదు' అని; 403 అంటే 'నీవెవరో తెలిసినా ఈ పనికి నీకు అనుమతి లేదు' అని స్థూలార్థం. ఊక్యామర్స్‌లో తాళపుచెవిని సృష్టించేటప్పుడు చదవడానికి మాత్రమేనా, రాయడానికా, రెండింటికా అని అనుమతిని ఎంచుకోవాలి. చదివే అనుమతి మాత్రమే ఉన్న చెవితో నిల్వను మార్చబోతే తిరస్కారం తప్పదు. కొన్నిసార్లు తాళపుచెవి సరైనదే అయినా 401 వస్తుంది. అపాచీ సర్వర్ కొన్ని అమరికలలో గుర్తింపు వివరాలున్న శీర్షికను లోపలి ప్రోగ్రామ్‌కు చేరనివ్వదు. అతిథి గుర్తింపు పత్రాన్ని గుమస్తా గుమ్మంలోనే ఉంచేసుకుని, లోపలి అధికారి 'పత్రమేది?' అని అడిగినట్లుంటుంది పరిస్థితి. ఆ శీర్షికను లోపలికి పంపమని సర్వర్ అమరికలో చెప్పడమే దానికి మందు. హెచ్‌టీటీపీఎస్ లేని దుకాణంలో ఊక్యామర్స్ అభ్యర్థన మీది కాలముద్రను కూడా పరిశీలిస్తుంది. గడియారాల మధ్య 15 నిమిషాలకు మించి తేడా ఉంటే ఒప్పుకోదు. గడియారాన్ని సరిచేయడం మంచిదే. హెచ్‌టీటీపీఎస్ పెట్టుకోవడం అంతకంటె మంచిది.

ఐదవ గడప అడిగిన తీరు. 404 అంటే ఆ చిరునామాలో వస్తువు లేదని. వర్డ్‌ప్రెస్‌లో పెర్మాలింకులు 'ప్లెయిన్' అన్న అమరికలో ఉంటే ఊక్యామర్స్ ఏపీఐ మామూలు చిరునామాలు పనిచేయవు; అమరిక మార్చి భద్రపరిస్తే చాలు. 400, 422 వచ్చాయంటే అవతలివారు మన ఉత్తరం విప్పి చదివారనీ, అందులోని విషయం వారికి సమ్మతం కాలేదనీ అర్థం. అటువంటప్పుడు జవాబు లోపల రాసిన వాక్యాన్ని తప్పక చదవాలి. ఏ గడి ఖాళీగా ఉన్నదో, ఏ పిన్‌కోడ్‌లో అంకె తగ్గిందో సాధారణంగా అక్కడే ఉంటుంది. మరొక మాయ ఉంది. హెచ్‌టీటీపీ చిరునామాకు పంపిన అభ్యర్థన హెచ్‌టీటీపీఎస్‌కు మళ్ళించబడినప్పుడు, అనేక సాధనాలు 'రాయి' అన్న ఆజ్ఞను 'చదువు' అన్న ఆజ్ఞగా మార్చివేస్తాయి. కొత్త ఆర్డర్ సృష్టించమని అడిగితే పాత ఆర్డర్ల జాబితా వచ్చి వాలుతుంది. సంఖ్య మాత్రం 200, అంటే 'విజయం'! చిరునామాను మొదటినుంచీ అచ్చంగా సరైన రూపంలో రాయడమే దీనికి పరిహారం.

వేదికలు తమ ఏపీఐ రూపాలను మార్చుకుంటూ పోతాయన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. షాపిఫై మూడు నెలలకొక కొత్త రూపాన్ని విడుదల చేస్తుంది. ప్రతి రూపానికీ కనీసం 12 నెలల ఆయుర్దాయం ఇస్తుంది. ఆయువు తీరిన రూపాన్ని అడిగితే, ఇంకా సజీవంగా ఉన్నవాటిలో అతి పాతదానితో జవాబు చెబుతుంది. సంబంధం తెగదు గాని, అడిగింది ఒకటి, దక్కేది మరొకటి. నిన్నటిదాకా నడిచిన దుకాణం ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే ఈ రోజు తప్పటడుగు వేయడానికి ఇది ఒక కారణం.

ఆరవ గడప అవతలివారి శక్తి. అభ్యర్థనలు మితిమీరాయని చెప్పే 429 సంఖ్యను ఇంటర్నెట్ ప్రమాణాలలో 2012లో చేర్చారు. షాపిఫై పాత రెస్ట్ పద్ధతిలో సాధారణ దుకాణానికి 40 అభ్యర్థనలు పట్టే తొట్టి ఉంటుంది. సెకనుకు 2 చొప్పున అడుగునుంచి కారిపోతూ ఉంటాయి. పండుగ అమ్మకాలనాడు అంతకంటె వేగంగా పోస్తే తొట్టి పొంగుతుంది. ఎంతసేపు ఆగాలో తరచు జవాబులోనే ఉంటుంది. లేనప్పుడు 1, 2, 4, 8 సెకన్ల చొప్పున విరామాన్ని రెట్టింపు చేస్తూ ప్రయత్నించడం మర్యాద. 500 అంటే అవతలి ప్రోగ్రామ్ తానే కూలిందని; 503 అంటే ప్రస్తుతం సేవ అందుబాటులో లేదని; 502, 504 అంటే ముందరి ద్వారపాలకునికి వెనుకటి యంత్రం సరైన జవాబు ఇవ్వలేదనీ, సకాలంలో ఇవ్వలేదనీ. 500 వచ్చిన సర్వర్ మన దుకాణానిదే అయితే, దాని దోష చిట్టా తెరిచి చూడాలి; ఏ ప్లగిన్ పడిపోయిందో అక్కడ నమోదై ఉండవచ్చు.

ఈ చివరి గడప దగ్గరే అసలు ప్రమాదం పొంచి ఉంది. మొదటి ఐదింటి దగ్గర ఆగితే సాధారణంగా పని జరగలేదని చెప్పవచ్చు. 504 వచ్చినా, జవాబు కోసం ఎదురుచూసి గడువు మీరినా అటువంటి నిశ్చయం లేదు. అభ్యర్థన చేరి, సొమ్ము కోతపడి, 'అయింది' అన్న జవాబు మాత్రం దారిలో పోయి ఉండవచ్చు. అప్పుడు గుడ్డిగా మళ్ళీ పంపితే కొనుగోలుదారుని ఖాతాలో రెండుసార్లు కోత పడుతుంది. దీనికోసమే స్ట్రైప్ వంటి చెల్లింపుల సంస్థలు ప్రతి లావాదేవీకి ఒక విశిష్ట సంఖ్యను జతచేసే వీలు కల్పించాయి. అదే సంఖ్యతో రెండవసారి వచ్చినదాన్ని కొత్త పనిగా కాక, పాత పనికి గుర్తుచేతగా స్వీకరిస్తారు. ఆ వీలు లేనిచోట, మళ్ళీ పంపేముందు 'మొదటిది ఏమయింది?' అని విచారించడమే ధర్మం.

సొమ్ము కోతపడి దుకాణానికి ఖరారు అందని సందర్భాలను రిజర్వ్ బ్యాంకు ఊరికే వదలలేదు. 2019 సెప్టెంబరు 20నాటి ఉత్తర్వు ప్రకారం, దుకాణాలకు యూపీఐ ద్వారా జరిపిన చెల్లింపుల్లోనూ, ఇంటర్నెట్ కొనుగోళ్ళ కార్డు చెల్లింపుల్లోనూ ఇలా జరిగితే, లావాదేవీ నాటి తరువాత 5 రోజుల్లోగా సొమ్ము తనంతట తాను ఖాతాకు తిరిగి చేరాలి. ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఖాతాదారునికి పరిహారం చెల్లించాలి. ఈ నిబంధన కొనుగోలుదారుకు రక్ష. దుకాణదారుకు బాధ్యత తెలిపే సూచన. 'మాకు సొమ్ము అందలేదు, మాకేం తెలియదు' అన్న జవాబుకంటె, లావాదేవీ సంఖ్యా గడువూ చెప్పి ధైర్యమిచ్చే జవాబు వాణిజ్యానికి ఎంతో శ్రేయస్కరం.

తెలియకుండా మూగబోయే సంబంధాలు కూడా ఉన్నాయి. ఏదైనా జరిగినప్పుడు దుకాణం తానుగా బయటివారికి కబురు పంపే పద్ధతిని వెబ్‌హుక్ అంటారు. ఊక్యామర్స్‌లో ఇలాంటి కబురు వరుసగా 5 సార్లు విఫలమైతే ఆ వెబ్‌హుక్ దానంతట అది నిలిచిపోతుంది. అవతలి సర్వర్ మళ్ళీ ఆరోగ్యంగా లేచి కూర్చున్నా, కబురు మాత్రం ఇక వెళ్ళదు. మనం వెళ్ళి తిరిగి ప్రారంభించాలి. ఆర్డర్లు హఠాత్తుగా తగ్గాయనుకుని దిగులుపడేముందు, వాటి వార్తలు తగ్గాయేమో చూసుకోవాలి.

పరీక్షకు పెద్ద పరికరాలు అక్కరలేదు. డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో వెలువరించిన కర్ల్ అనే ఉచిత సాధనాన్ని వివరంగా మాట్లాడే ఐచ్ఛికంతో నడిపితే, పేరు దొరికిందా, దారి కలిసిందా, ధ్రువపత్రం కుదిరిందా, ఏ సంఖ్య వచ్చింది అని గడప వెంట గడప చెబుతుంది. అయితే దాన్ని దుకాణం నడిచే సర్వర్ మీదనుంచే నడపాలి. ఇంట్లోని కంప్యూటర్‌నుంచి దారి బాగున్నంత మాత్రాన సర్వర్‌నుంచి బాగున్నట్లు కాదు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. చేసినది సమయంతో సహా రాసిపెట్టుకోవాలి.

సహాయం కోరుతూ సంస్థకు రాసేటప్పుడు 'మీ ఏపీఐ పనిచేయడం లేదు' అన్న ఒక్క వాక్యం ఎవరికీ ఉపకరించదు. ఏ తేదీన, ఏ నిమిషంలో, ఏ చిరునామాకు పంపితే ఏ సంఖ్య, ఏ వాక్యం వచ్చాయో రాయాలి; జవాబుతోపాటు వచ్చిన అభ్యర్థన సంఖ్య ఉంటే దానినీ జతచేయాలి. రహస్య తాళపుచెవిని మాత్రం ఏ ఉత్తరంలోనూ రాయకూడదు; పొరపాటున బయటపడితే వెంటనే రద్దుచేసి కొత్తది తీసుకోవాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా సంబంధాలు తెగుతూనే ఉంటాయి. మహా సంస్థలకే తప్పనిది చిన్న దుకాణానికి తప్పదు. అందుచేత చివరి రక్షణ పాతకాలపు వర్తకుల అలవాటే. కొట్టు కట్టేవేళ చిట్టా, ఖాతా సరిచూసుకోకుండా వారు తాళం వేసేవారు కారు. ప్రతి రాత్రీ చెల్లింపుల సంస్థ లెక్కనూ, దుకాణం ఆర్డర్లనూ, మిగిలిన నిల్వనూ పక్కపక్కన పెట్టి చూసుకునే వర్తకునికి, తెగిన సంబంధం తెల్లవారకముందే తెలుస్తుంది. అలా చూసుకోని వర్తకునికి ఆ సంగతి చెప్పేది కోపంతో ఫోన్ చేసిన కొనుగోలుదారు.